నవ్వుకూ అనుమతి కావాలా?

పిల్లలూ, తెలుగులో ఒక సామెత ఉంది. నవ్వే ఆడదాన్నీ, ఏడ్చే మగవాణ్నీ నమ్మకూడదట. సామెతలన్నీ పెద్దల అనుభవసారమని మనం పాఠాల్లో చదువుకుంటాం. చాలావరకు అది నిజమే. కానీ ఈ ఒక్క సామెత విషయంలో మాత్రం మేము పెద్దలతో కొంచెం వాదించదలచుకున్నాం. ఎందుకంటే ఈ మాట అరుగుల మీదే ఆగిపోలేదు, పార్లమెంటు దాకా వెళ్ళింది.

2018 ఫిబ్రవరి 7న రాజ్యసభలో రాష్ట్రపతి ప్రసంగానికి ధన్యవాదాలు తెలిపే తీర్మానంపై ప్రధానమంత్రి సమాధానం చెబుతున్నారు. ఆధార్ ఆలోచన ఎవరి కాలంలో మొదలైందన్న మాట వచ్చినప్పుడు ప్రతిపక్ష సభ్యురాలు రేణుకా చౌదరి గట్టిగా నవ్వారు. సభాధ్యక్షులు ఎం. వెంకయ్యనాయుడు ఆమెను మందలించారు. అప్పుడు ప్రధాని, ఆమెను ఏమీ అనవద్దనీ, రామాయణం సీరియల్ తరువాత ఇలాంటి నవ్వు వినే భాగ్యం ఈ రోజే కలిగిందనీ అన్నారు. సభలో చాలామంది నవ్వారు. ఆ తరువాత ఒక కేంద్ర సహాయమంత్రి, ఆ సీరియల్లో శూర్పణఖ నవ్వే దృశ్యాన్ని జోడించిన వీడియోను సామాజిక మాధ్యమంలో పెట్టారు.

ఇక్కడ ఒక మాట ముందే చెప్పాలి. ఆధార్ గురించి ఎవరి వాదన సరైనదో తేల్చడం మా పని కాదు. మేము ఏ పార్టీ వైపూ మాట్లాడటం లేదు. మేము చూస్తున్నది మాటను మాత్రమే. తెలుగు పంతుళ్ళకు మాటను విప్పి చూడటం అలవాటు.

ఒకరు మాట్లాడుతుంటే మరొకరు పెద్దగా నవ్వడం సభామర్యాద కాదు. అధ్యక్షులు మందలించడంలో తప్పు లేదు. తరగతిలో అయితే మేమూ మందలిస్తాం. కానీ "నిశ్శబ్దంగా ఉండు" అనడం వేరు, "నీ నవ్వు రాక్షసి నవ్వులా ఉంది" అనే అర్థం వచ్చేలా మాట్లాడటం వేరు. మొదటిది చేసిన పని గురించి, రెండోది మనిషి గురించి. చట్టసభల్లో మగ సభ్యులు అరుస్తారు, కాగితాలు చింపుతారు, పోడియం దాకా దూసుకుపోతారు. వారికి మందలింపు దొరుకుతుంది, ఒక్కోసారి సస్పెన్షనూ దొరుకుతుంది. వారి గొంతు వినడానికి ఎలా ఉందో మాత్రం ఎవరూ వర్ణించరు.

రేణుకా చౌదరి ఊరుకోలేదు. ఆ వ్యాఖ్య వ్యక్తిగతమైనదనీ, స్త్రీలను కించపరిచేదనీ బహిరంగంగానే చెప్పారు. వీడియో విషయంలో సభాహక్కుల నోటీసు ఇచ్చారు. మార్చి నెలాఖరులో పదవీకాలం ముగిసి వీడ్కోలు చెబుతున్నప్పుడు ఆమె తన శరీరం గురించి వచ్చే మాటలను తనే ఎత్తుకున్నారు. వెంకయ్యనాయుడు గారు తనను ఎన్నో కిలోల క్రితం నుంచీ ఎరుగుదురనీ, తన బరువు గురించి చాలామంది దిగులు పడుతుంటారనీ, అయితే ఈ పనిలో కాస్త బరువు చూపించక తప్పదనీ చమత్కరించారు. బరువు తగ్గి, పార్టీ బరువు పెంచండని అధ్యక్షులూ చమత్కారంగానే బదులిచ్చారు. దెప్పడానికి వాడే మాటను తానే ముందుగా చేతిలోకి తీసుకుంటే, ఎదుటివారికి అది ఆయుధంగా మిగలదు.

మీకు ఆమె గురించి ఇంకో సంగతి నచ్చవచ్చు. 1954లో విశాఖపట్నంలో పుట్టిన ఆమె తండ్రి వైమానిక దళ అధికారి. అంటే ఆమె కూడా మీలాగే బదిలీల ఇంటి బిడ్డ. డెహ్రాడూన్‌లో చదువుకున్నారు. ఆ తరువాత రాజ్యసభకు వెళ్ళారు, 1999, 2004 ఎన్నికల్లో ఖమ్మం నుంచి లోక్‌సభకు గెలిచారు. గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే చట్టం 2006 అక్టోబరు 26న అమలులోకి వచ్చినప్పుడు మహిళా శిశు అభివృద్ధి శాఖ ఆమె చేతిలోనే ఉంది. 2024లో తెలంగాణ నుంచి మళ్ళీ రాజ్యసభలో అడుగుపెట్టారు. ఇంత చేసిన మనిషి పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేది ఆ ఒక్క నవ్వే. మాకు బాధ కలిగించేది ఇదే.

ఇది ఒక పార్టీ జబ్బు అనుకుంటే పొరపాటు. 2019 జూలై 25న లోక్‌సభలో అధ్యక్ష స్థానంలో ఉన్న బీజేపీ సభ్యురాలు రమాదేవిని ఉద్దేశించి ఒక ప్రతిపక్ష సభ్యుడు అసభ్యంగా మాట్లాడారు. మరునాడు స్మృతి ఇరానీ, మిమి చక్రవర్తి వంటి వేర్వేరు పార్టీల మహిళలు ఒకే గొంతుతో ఖండించారు. చివరికి ఆయన క్షమాపణ చెప్పక తప్పలేదు. పార్టీని పక్కన పెట్టి నిలబడితే ఫలితం ఉంటుందని ఆ నాలుగు రోజులు చూపించాయి.

"రాజకీయాల్లోకి దిగాక మాటలు పడక తప్పుతుందా?" అని కొందరు అంటారు. పడాల్సిందే. ఏ చట్టానికి ఓటు వేశావు, నియోజకవర్గానికి ఏం చేశావు, లెక్క చెప్పు అని ఎంత గట్టిగానైనా నిలదీయవచ్చు. నవ్వు, చీర, బరువు ఆ లెక్కలోకి రావు.

మహాభారతంలోనూ ఇలాంటి అన్యాయమే ఒకటి ఉంది. మయసభలో దుర్యోధనుడు నీళ్ళలో పడ్డాడు. ద్రౌపది నవ్వింది కాబట్టే కురుక్షేత్రం వచ్చిందని అందరం అంటుంటాం. వ్యాసభారతంలో ఆ ఘట్టం చదివితే అక్కడ నవ్వినవారు భీముడు, అతని తమ్ముళ్ళు, పరిచారకులు. ద్రౌపది కూడా నవ్విందన్నది తరువాత దుర్యోధనుడు తండ్రి దగ్గర చెప్పుకున్న ఫిర్యాదు. నలుగురూ నవ్వితే నింద ఒక్క ఆమెకే మిగిలింది.

మన చుట్టూ చూడండి. పక్కనున్న దుర్గ్‌కు మేయరుగా చేసిన సరోజ్ పాండే 2008లో మన భిలాయిలోని వైశాలీనగర్ నుంచి శాసనసభకు, 2009లో దుర్గ్ నుంచి లోక్‌సభకు గెలిచారు. ఛత్తీస్‌గఢ్ పంచాయతీల్లో సగం స్థానాలు మహిళలవే. అయినా 2025 మార్చిలో మన దుర్గ్ డివిజన్‌లోనే ఉన్న కబీర్‌ధామ్ జిల్లాలో ఒక పంచాయతీలో ఆరుగురు మహిళలు గెలిస్తే, వారి బదులు భర్తలు ప్రమాణం చేశారు. పంచాయతీ కార్యదర్శిని సస్పెండ్ చేశారు. ఒకచోట ఆడగొంతు మరీ గట్టిగా వినిపించిందని ఎగతాళి, ఇంకోచోట అసలు వినిపించకుండానే సర్దేశారు. రెంటికీ వేరు ఒకటే. 2024లో ఎన్నికైన 543 మంది లోక్‌సభ సభ్యుల్లో మహిళలు 74 మంది. మిగతావారు ఎందుకు రాలేదో ఆలోచించేటప్పుడు ఈ వేరును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఈ వేరు బడిలోనే నాటుకుంటుందని మా నమ్మకం. మేము పనిచేసిన ప్రతి ఊళ్ళోనూ హౌస్ కెప్టెన్ల ఎంపిక చూశాం. గట్టిగా మాట్లాడే అబ్బాయిని లీడరంటారు. అంతే గట్టిగా మాట్లాడే అమ్మాయిని గయ్యాళి అంటారు, లేదా మగరాయుడంటారు. గయ్యాళికి పుంలింగం చెప్పమని మేము అడిగితే తరగతి మొత్తం ఆలోచనలో పడుతుంది. లేని మాటను ఎక్కడినుంచి తెస్తారు?

మీకు ఈ సంగతి మిగతా పిల్లలకంటే తొందరగా అర్థమవుతుంది. మూడేళ్ళకో కొత్త బడి, కొత్త బెంచీ. శ్రీకాకుళం యాస కలిసిన హిందీ మాట్లాడితే సెక్టారు పిల్లలు నవ్విన రోజు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నలుగురితో కలిసి నవ్వడానికీ, నలుగురూ మనల్ని చూసి నవ్వడానికీ తేడా ఏమిటో మీకు పుస్తకం చెప్పనక్కరలేదు.

అందుకే ఈసారి ఎన్నికల్లో ఏ అమ్మాయి వేదిక ఎక్కినా ఆమె ఏం చెబుతోందో వినండి. నచ్చకపోతే లేచి ప్రశ్న వేయండి. ఆమె గొంతును వెక్కిరిస్తూ ఎవరైనా అనుకరిస్తే, పక్కవాడు మీ స్నేహితుడైనా సరే, మీరు నవ్వకండి. ఎగతాళికి బలం చేసేవాడి నుంచి కాదు, కలిసి నవ్వేవారి నుంచి వస్తుంది. అమ్మాయిలూ, మీకు నవ్వు వస్తే నవ్వండి. మాకు పాఠం మధ్యలో అయితే కాస్త ఆగమంటాం, అంతే.