ఏడు పేటికల వెనక ఎవరున్నారు?

శ్రీలంక వెళ్ళే తెలుగువాళ్ళలో చాలామంది రామాయణ యాత్ర అంటూ బయల్దేరతారు. నువర ఎలియా దగ్గర సీతమ్మ గుడి చూసుకుని, అదే బస్సులో కాండీ చేరి, దలదా మాళిగావ ముందు దిగుతారు. బుద్ధుడి పన్ను ఉందని చెప్పే గుడి అది. నిజంగా ఆయన పన్నేనా అని గైడును అడిగేవాళ్ళు మాత్రం అరుదు. మరే గుడిలో నోరు మూసుకున్నా సరే, బుద్ధుడి పేరున్న చోట అడిగి తీరాలని నేనంటాను.

చెప్పులు బయట వదిలి, నీలి కలువలో మల్లెలో కొనుక్కుని లోపలికి వెళ్ళాలి. రోజుకు మూడుసార్లు పూజ. కింద డోళ్ళు మోగుతుంటే ఆ చప్పుడు గుండెల్లో అదురుతుంది. పై అంతస్తులో పూల గుట్టలు, తెల్లబట్టల జనం, పసిపిల్లల్ని చంకనెత్తుకున్న తల్లులు. తలుపు తెరుచుకుంటుంది. స్తూపం ఆకారంలో బంగారు పేటిక, దానిమీద వేలాడే నగలు కనబడతాయి. చేతులు జోడించేలోపే వెనకవాళ్ళు ముందుకు తోసేస్తారు. పన్ను కనబడదు. ఒకదానిలో ఒకటిగా అమర్చిన ఏడు పేటికల్లో అన్నిటికన్నా లోపలిదాంట్లో అది ఉంటుందని చెబుతారు. 2009లో ఒకసారి బయటపెట్టారు, మళ్ళీ 2025 ఏప్రిల్‌లోనే. అప్పుడు ఒక్క చూపు కోసం జనం కాండీ వీధుల్లో రాత్రీ పగలూ బారులు తీరారు. బుధవారాల్లో ఆ ధాతువుకు సుగంధజలంతో స్నానవిధి జరిపి, ఆ నీళ్ళు రోగాలు పోగొడతాయని పంచుతారు. జీవితంలో రోగమూ ముసలితనమూ చావూ తప్పవని తేటగా చెప్పిన మనిషి పేరు మీద!

ఈ పన్ను కథ మన తీరం నుంచే మొదలవుతుంది. కళింగ రాజు గుహశివుడి కూతురు హేమమాల, భర్త దంతకుమారుడితో కలిసి, దంతపురం నుంచి దాన్ని జుట్టులో దాచి 4వ శతాబ్దంలో లంకకు చేర్చిందని 13వ శతాబ్దపు పాళీ కావ్యం దాఠావంసం చెబుతుంది. ఆ దంతపురం మన శ్రీకాకుళం జిల్లాలోనిదేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. పోనీ, కళింగం నుంచి ఏదో ఒక పన్ను వెళ్ళిందనే అనుకుందాం. బుద్ధుడు పోయాక ఆ మధ్య గడిచిన వందల ఏళ్ళలో అది ఎవరి దగ్గరుందో, ఆయనదేనని ఎలా తేలిందో కథలు తప్ప సాక్ష్యం లేదు.

తర్వాతి చరిత్ర ఇంకా చిక్కు. 1560లో పోర్చుగీసువాళ్ళు జాఫ్నా మీద దాడి చేసి, బుద్ధుడి పన్ను దొరికిందని గోవాకు పట్టుకుపోయారు. బర్మాలోని పెగూ రాజు పెద్ద మొత్తం ఇచ్చి విడిపించుకుంటానని కబురు పెట్టాడు. వైస్రాయి ఒప్పుకునేవాడే. క్రైస్తవ మతాధికారులు ఒప్పుకోనివ్వలేదు. అందరి ఎదుటా దాన్ని రోట్లో వేసి దంచి, నిప్పుల్లో కాల్చి, బూడిద ఏట్లో కలిపారు. ఇందులో మెచ్చుకోవలసింది ఏమీ లేదు. ఒక మూఢత్వం ఇంకో మూఢత్వాన్ని రోట్లో దంచింది, అంతే. కానీ ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే లంకలోని కొట్టె రాజు దగ్గర్నుంచి పెగూకు ఒక పన్ను వెళ్ళింది. అసలుది నా దగ్గరుందని కాండీ రాజు అన్నాడు. గోవాలో కాల్చింది నకిలీదని బౌద్ధుల మాట. ఏది అసలో తేల్చే కొలమానం ఎవరి దగ్గరా లేదు.

కొలత ఒకటుంది. 19వ శతాబ్దంలో లంకలో పనిచేసిన ఎమర్సన్ టెనెంట్ ఆ వస్తువు దాదాపు రెండంగుళాల పొడవుందని, మనిషి పన్ను కంటే మొసలి పన్నులా ఉందని రాశాడు. మనిషి నోట్లో అన్నిటికన్నా పొడుగైన కోరపన్ను వేరుతో కలిపినా ఇంచుమించు ఒక అంగుళం. పరదేశి మాట నమ్మనక్కర్లేదు. నమ్మకపోతే కొలిచి చూపించాలి. ఆ పని ఈనాటికీ జరగలేదు.

ఎందుకు జరగలేదంటే, అక్కడ కాపలా కాస్తున్నది పన్నును కాదు, అధికారాన్ని. పన్ను ఎవరి చేతిలో ఉంటే రాజ్యం వాళ్ళదని లంకలో తరతరాల నమ్మకం. బ్రిటిషువాళ్ళ మీద జరిగిన 1818 తిరుగుబాటులో అది మళ్ళీ వాళ్ళకే చిక్కాక జనం గుండె జారిపోయిందని అప్పుడక్కడున్న డాక్టర్ జాన్ డేవీ రాశాడు. ఇప్పటికీ గద్దెనెక్కిన నాయకుడు కాండీ వెళ్ళి మొక్కాల్సిందే. 1998 జనవరిలో తమిళ పులులు ట్రక్కు బాంబుతో ఆ గుడి వాకిలి పేల్చింది కూడా ఈ లెక్కతోనే. చచ్చిపోయింది మాత్రం మామూలు మనుషులు, చిన్నపిల్లలతో సహా.

కులం సంగతి నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధిస్తుంది. ఇందులో మనవాళ్ళ చెయ్యి కూడా ఉంది. 1739 నుంచి 1815 వరకు కాండీని ఏలింది మధుర నాయకుల బంధువర్గం, తెలుగు మూలాలవాళ్ళు. వాళ్ళలో కీర్తిశ్రీ రాజసింహుడు 1753లో సియాం నుంచి భిక్షువుల్ని రప్పించి, తెగిపోయిన ఉపసంపద (పూర్తి భిక్షు దీక్ష) సంప్రదాయాన్ని నిలబెట్టాడు. నాథ, విష్ణు, కతరగమ, పత్తిని దేవతల పేరహెర ఊరేగింపులో పన్నును ముందు నడిపించిందీ ఆయన కాలంలోనే. ఆయన ఏలుబడిలోనే పైకులమైన గొవిగమ వాళ్ళకు తప్ప ఇంకెవరికీ భిక్షు దీక్ష లేకుండా పోయింది. పన్ను సంరక్షణ చూసే మల్వత్త, అస్గిరియ పీఠాల్లో ఆ కట్టుబాటు నేటికీ నడుస్తోంది. కాదన్నవాళ్ళు ఊరుకోలేదు. సలాగమ కులపు భిక్షువులు ఓడెక్కి బర్మా వెళ్ళి, అక్కడ దీక్ష తీసుకుని 1803లో తిరిగొచ్చి వేరే నికాయం (భిక్షు శాఖ) పెట్టుకున్నారు. మంగలి ఉపాలిని శాక్య రాజకుమారులకన్నా ముందు సంఘంలో చేర్చుకున్నాడని చెప్పుకునే బుద్ధుడి పన్నుకు పూజ చెయ్యాలంటే కులం చూడాలట! అంటరానితనం నుంచి బయటపడే దారి వెతుకుతూ 1950లో అంబేడ్కర్ వెళ్ళింది ఈ లంకకే.

పేరహెరలో ఏనుగుల్ని చూసి మురిసిపోయేవాళ్ళు 2019 నాటి టికిరి ఫొటో చూడాలి. డెబ్భై ఏళ్ళ ముసలి ఏనుగు. మెరిసే ముసుగు తీస్తే ఒంటి మీద ఎముకలు లెక్కపెట్టవచ్చు. ఆ స్థితిలోనే దాన్ని ఊరేగింపులో నడిపించారు. ఆ ఏడాది సెప్టెంబరులోనే అది చచ్చిపోయింది. ప్రాణిహింస వద్దన్నవాడికి చేసే ఉత్సవం అది.

తన శరీరానికి చేసే పూజల గురించి మీరు పట్టించుకోవద్దని, సాధన మీద మనసు పెట్టమని బుద్ధుడు తన శిష్యుడు ఆనందుడితో అన్నట్టు మహాపరినిబ్బాన సుత్తంలోనే ఉంది. గృహస్థులు స్తూపం కట్టి మొక్కుకోవచ్చన్న మాటలూ అందులోనే ఉన్నాయి, దాచనక్కర్లేదు. కానీ కాలాములనే జనానికి ఆయన చెప్పిన మాట దీనికన్నా పెద్దది. గ్రంథంలో ఉందనీ, పెద్దలు చెప్పారనీ, ఆనవాయితీ అనీ దేన్నీ ఒప్పుకోవద్దన్నాడు. ఆ గీటురాయి మీద పెట్టి చూస్తే కాండీ పన్ను నిలబడదు.

కాండీ వెళ్ళొద్దని చెప్పడం లేదు. ఆ చెక్క పనితనం, ఆ గోడల బొమ్మలు, ఆ చెరువుగట్టు చూడవలసినవే. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళండి, వాళ్ళను ప్రశ్నలు అడగనివ్వండి. ఆ దేశంలోనే అబ్రహాం కోవూర్ బతికాడని కూడా చెప్పండి. కేరళలో పుట్టి, లంకలో సైన్సు మాస్టారుగా పనిచేసి, మహిమ చూపినవాడికి లక్ష రూపాయలిస్తానని బాబాలను సవాలు చేసిన మనిషి. 1978లో పోయేముందు కళ్ళు ఐ బ్యాంకుకు, దేహం వైద్య విద్యార్థులకు, ఎముకల గూడు తాను పాఠాలు చెప్పిన కొలంబో థర్‌స్టన్ కాలేజీ ప్రయోగశాలకు రాసిచ్చాడు.