చేతిమాట వినే చక్రం

పాతబస్తీలో పెళ్లి బరాత్ అంటే మర్ఫా మోగాల్సిందే. నిజాం సైన్యంలో చేరిన ఆఫ్రికా, యెమెన్ వాళ్లతో వచ్చిన దరువిది. దాని వేగం వాయించేవాళ్ల చేతుల్లో ఉంటుంది. వాళ్లు పెంచితే గల్లీ అంతా ఊగిపోతుంది. ఇప్పుడు చాలా ఊరేగింపుల్లో డీజే కూడా చేరింది. డీజే అనగానే చెవులు చిల్లులుపడే స్పీకర్లే గుర్తొస్తాయి. మతపరమైన ఊరేగింపుల్లో వాటిని హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరులో నిషేధించారు కూడా.

నిజానికి డీజే అంటే హోరు కాదు... డిస్క్ జాకీ, రికార్డులు తిప్పే మనిషి! ఆ మనిషికి ప్రాణంలాంటి యంత్రం టెక్నిక్స్ ఎస్ఎల్-1200. జపాన్‌కు చెందిన మత్సుషిత కంపెనీ 1972లో ఇంట్లో పాటలు వినేవాళ్ల కోసం దీన్ని తెచ్చింది. అప్పట్లో చాలా టర్న్‌టేబుళ్లలో పక్కనున్న మోటారు, రబ్బరు బెల్టుతో పళ్లేన్ని తిప్పేది. బెల్టు సాగితే పాట తడబడేది. ఇందులో ఆ బెల్టే లేదు. మోటారు నేరుగా పళ్లేన్నే తిప్పుతుంది. జారే గుడ్డ పరిచి, దానిమీది రికార్డును వేలితో ఆపినా కింద పళ్లెం తిరుగుతూనే ఉంటుంది. వదలగానే పాట ఠక్కున అందుకుంటుంది. 1979లో వచ్చిన ఎంకే2 మోడల్‌లో వేగాన్ని 8 శాతం వరకూ పెంచే, తగ్గించే మీట పెట్టారు. దాంతో రెండు యంత్రాలను పక్కపక్కన ఉంచి, ఒక పాట దరువును మరో పాట దరువుతో కలపడం తేలికైంది.

2010లో ఆగిన దీని తయారీ 2016లో మళ్లీ మొదలైంది. ల్యాప్‌టాప్‌లో ఒక్క మీట నొక్కితే ఆ దరువులు వాటంతటవే కలుస్తున్నా దీనిమీద మోజు తగ్గలేదు. ఎందుకో మర్ఫా వాయించేవాళ్లకు చెప్పనక్కర్లేదు. దరువు కుదిరిందని చెవికన్నా ముందు చేతికే తెలుస్తుంది మరి!