రాగి కన్నా దుమ్ము బ్రష్ మేలు

కంప్యూటర్ కొనేటప్పుడు మన హాస్టల్లో ఎప్పుడూ ఒకటే వాదన: హీట్‌సింక్ రాగిదా, అల్యూమినియందా? పుస్తకం లెక్కలో గెలుపు రాగిదే. దాని ఉష్ణవాహకత మీటరు-కెల్విన్‌కు సుమారు 400 వాట్లు, స్వచ్ఛమైన అల్యూమినియానిది 237. కానీ బరువు కూడా చూడాలి కదా! ఘన సెంటీమీటరుకు రాగి 8.96 గ్రాములు, అల్యూమినియం 2.7. నిలబెట్టిన క్యాబినెట్‌లో ఆ బరువంతా మదర్‌బోర్డు మోయాలి. ధర సంగతి సరేసరి.

అసలు లోహం చేసే పని వేడిని రెక్కల దాకా చేర్చడమే. అక్కణ్నుంచి మోసుకుపోయేది గాలి. మే నెలలో సూర్యాపేటలో గది గాలే 40 డిగ్రీలుంటే, రాగైనా బంగారమైనా ఫ్యానుతో అంతకంటే చల్లబడదు. దానికి తోడు మిర్యాలగూడలో రైస్‌మిల్లుల ఊక దుమ్ము, కోదాడ వైపు హైవే దుమ్ము, సిమెంటు దుమ్ము. రెక్కల సందులు పూడుకుపోయాక ఏ లోహమైనా ఒకటే.

అందుకే నా మాట: చిప్పుకు ఆనే చోట రాగి, రెక్కలు అల్యూమినియం ఉన్నది తీసుకోండి. చిప్పు చిన్నది, వేడి చప్పున పరుచుకోవాల్సింది అక్కడే. మిగిలిన డబ్బుతో థర్మల్ పేస్టు, ఒక మెత్తటి బ్రష్ కొనండి. నెలకోసారి కరెంటు తీసేసి, ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని దులపండి. ఇంట్లో వడ్లు అమ్మి పంపిన డబ్బులవి, మెరిసే రాగి కోసం తగలెయ్యకండి.