బస్సు కావాలి, బస్సు నడిపే మనిషి అక్కర్లేదా?

2019 దసరా ముందు, అక్టోబరు 5న, తెలంగాణ ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగారు. సుమారు 48 వేల మంది. 26 డిమాండ్లు. మరునాడే వాళ్ల కొలువులు పోయాయని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రకటించారు. గడువులోగా డ్యూటీకి రాలేదు కాబట్టి వాళ్లకు వాళ్లే డిస్మిస్ అయిపోయారన్నారు. సంస్థలో ఇక మిగిలింది 1,200 మందేనని లెక్క కూడా చెప్పారు. చార్జిషీటు లేదు, సంజాయిషీ అడిగింది లేదు, ఎంక్వయిరీ లేదు. టికెట్టు డబ్బుల్లో పది రూపాయలు తేడా వచ్చిన కండక్టరుకైనా చార్జిషీటు ఇచ్చి, వివరణ తీసుకుని, విచారణ జరుపుతారు. 48 వేల ఇళ్ల కూడు తీసేయడానికి మాత్రం ఒక్క సాయంత్రం చాలింది.

ఆ సాయంత్రం ఈ రాష్ట్రం ఎందుకు ఉలిక్కిపడలేదు? ఇన్నేళ్లయినా నన్ను వదలని ప్రశ్న అది.

సమ్మె సాగిన 52 రోజుల్లో ఎవరు ఎవరితో మాట్లాడారో గుర్తు చేసుకుందాం. సమ్మెకు ముందు ముగ్గురు ఐఏఎస్ అధికారుల కమిటీ ఒకటి చర్చలు జరిపింది. సమ్మె మొదలు కాగానే ఆ కమిటీనే రద్దు చేశారు. చర్చలు జరపండని హైకోర్టు పదేపదే చెబితే అక్టోబరు 26న ఒక్కసారి కార్మిక నాయకులను పిలిచారు. ఫోన్లు బయట పెట్టించారు. సంస్థను ప్రభుత్వంలో కలపాలన్న అసలు డిమాండును పక్కన పెట్టి, 21 అంశాలే మాట్లాడదామన్నారు. ఆ చర్చలు అక్కడే ముగిశాయి. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తులు ముగ్గురితో కమిటీ వేద్దామా అని హైకోర్టు అడిగితే ప్రభుత్వం వద్దంది. 5,100 రూట్లు ప్రైవేటుకు ఇస్తామని మాత్రం మంత్రివర్గం తీర్మానించింది. చివరకు నవంబరు 25న కార్మికులే ఓడి, సమ్మె విరమించి, మర్నాడు పొద్దున్నే డిపోల ముందు నిలబడితే గేట్లు తెరవలేదు. లోపలికి పోనివ్వకుండా పోలీసులను పెట్టారు. పని చేస్తాం అని వచ్చిన మనిషిని అరెస్టు చేయడం నా ఎరుకలో అదే మొదటిసారి.

సెప్టెంబరు నెల వాళ్లు పనిచేసిన నెల. సమ్మెతో ఆ నెలకు సంబంధం లేదు. ఆ జీతం కూడా ఆపేశారు. ఎందుకని కోర్టు అడిగితే, 200 కోట్లకు పైగా కావాలి, సంస్థ దగ్గర ఏడున్నర కోట్లే ఉన్నాయని జవాబు వచ్చింది. అక్టోబరులోనే హుజూర్‌నగర్ ఉపఎన్నిక గెలిచాక ఆ ఒక్క నియోజకవర్గానికి వంద కోట్లు ప్రకటించారు. ఆ వంద కోట్లు ఎక్కడివి, కార్మికుల డిమాండ్లలో నాలుగు తీర్చడానికి 47 కోట్లు ఎందుకు లేవు అని న్యాయస్థానమే నిలదీసింది. దసరా పోయింది, దీపావళి పోయింది. ఇంటి కిరాయి, పిల్లల స్కూలు ఫీజు, చిట్టీ వాయిదా, ముసలి తల్లి మందులు ఏవీ ఆగవు. నెలనెలా జీతంలో కోయించుకుని ఉద్యోగులు దాచుకున్న సహకార పరపతి సంఘం సొమ్మునైనా తీసుకుందామంటే, దాన్నీ సంస్థ ఎప్పుడో వాడేసుకుంది.

అప్పుడు చావులు మొదలయ్యాయి. ఖమ్మంలో ఒక డ్రైవరు ఒంటికి నిప్పంటించుకుని మరునాడు ఆస్పత్రిలో కన్నుమూశాడు. హైదరాబాదులో ఒక కండక్టరు ఉరి వేసుకున్నాడు. ఇక కొలువు లేదన్న దిగులుతో గుండె ఆగి పోయినవాళ్లు ఎందరో. ప్రతి చావుకూ ఒక రోజు బంద్, ఒక ధర్నా, ఒక అరెస్టు, అంతే. మళ్లీ మామూలే.

ఆ తర్వాత జరిగింది ఇంకా బాధాకరం. నవంబరు 28న మంత్రివర్గం అందరినీ పనిలోకి రమ్మంది. డిసెంబరు 1న డిపోకు ఐదుగురి చొప్పున కార్మికులను అప్పటి ముఖ్యమంత్రి నివాసం ప్రగతి భవన్‌కు పిలిచి, భోజనం పెట్టి, పదవీ విరమణ వయసు 60కి పెంచుతున్నామన్నారు. ఆపిన సెప్టెంబరు జీతం ఇస్తామన్నారు, సమ్మె కాలపు జీతమూ ఇస్తామన్నారు. చనిపోయినవాళ్ల ఇంట్లో ఒకరికి ఉద్యోగమన్నారు. ఇచ్చినందుకు సంతోషమే. కానీ డిసెంబరులో ఇవ్వగలిగింది అక్టోబరులో ఎందుకు ఇవ్వలేకపోయారు? ఈ మధ్యలో పోయిన ప్రాణాలకు జవాబు ఎవరిది? ఆ విందుకు యూనియన్ నాయకులను మాత్రం పిలవలేదు. యూనియన్లు వద్దు, సంక్షేమ కమిటీలు పెట్టుకోండి అన్నారు. అసలు కోపం డిమాండ్ల మీద కానే కాదు, అడిగే గొంతు మీద. అడగకుండా ఉంటే ఇస్తాం, అడిగితే ఇవ్వం అనేదే ఆ విందు చెప్పిన నీతి.

యూనియన్ అంటే బందులు, జెండాలు అనుకునేవాళ్లు ఒక్కసారి ఏదైనా డిపోకు పోయి చూడండి. తెల్లవారుజామున నాలుగింటికి మొదటి సర్వీసు ఎక్కే డ్రైవరును రాత్రి కూడా ఇంకో ట్రిప్పు కొట్టమంటే వద్దనే ధైర్యం అతనొక్కడికి ఎక్కడిది? ట్రాఫిక్‌లో ఇరుక్కుని డీజిలు ఎక్కువ కాలిందని, లీటరుకు ఇన్ని కిలోమీటర్లు తేలేదని మెమో ఇస్తే, బండి పాతది సారూ అని అతని తరఫున ఎవరు చెప్పాలి? బస్టాండులో సరైన మరుగుదొడ్డి లేక పొద్దంతా నీళ్లు తాగకుండా డ్యూటీ చేసే కండక్టరమ్మ ఆ మాట డిపో మేనేజరుకు ఒంటరిగా ఎలా చెప్పుకుంటుంది? ఈ చిన్న చిన్న మాటల కోసమే యూనియన్. ఆర్టీసీలో గుర్తింపు సంఘానికి చివరిసారి ఓట్లు పడింది 2016లో. దాని కాలపరిమితి రెండేళ్లే. ఆ రెండేళ్లు ముగిశాక ఏళ్లకేళ్లు ఎన్నికల ఊసే లేదు. సర్పంచు ఎన్నికలు నాలుగు నెలలు ఆలస్యమైతే పేపర్లు రాస్తాయి. వేల మంది కార్మికుల ఓటు హక్కు అటక మీద పడి ఉంటే ఒక్కరికీ పట్టలేదు.

మనం ఏం చేశాం? పండక్కి ఊరెళ్లలేకపోయామని విసుక్కున్నాం. స్కూళ్లకు సెలవులు పొడిగిస్తే సరేలే అనుకున్నాం. రోజుకూలీ మీద తెచ్చిన తాత్కాలిక డ్రైవరు చేతిలో ప్రాణాలు పెట్టి ప్రయాణం చేశాం. ఆ ఇబ్బంది నిజమే, కాదనను. బస్సు తప్ప గతిలేని కూలీ మనిషికి ఆ 52 రోజులు నరకం. కానీ ఆ కోపాన్ని చర్చలకు రాని పెద్దల మీద చూపకుండా ఖాకీ చొక్కా మీద చూపాం. 2011లో 42 రోజుల సకల జనుల సమ్మెకు ఆర్టీసీ కార్మికులు బస్సులు ఆపితే మనమే పూలదండలు వేశాం. తెలంగాణ కోసం జీతం వదులుకున్న ఆ మనుషులే ఎనిమిదేళ్లకు తమ జీతం కోసం ఆగితే, వీళ్లకేం పోయేకాలం అన్నాం. ఈ మాట రాస్తుంటే చెయ్యి వణుకుతోంది.

యూనియన్ నాయకులంతా కడిగిన ముత్యాలని నేననను. పార్టీల పంచన చేరినవాళ్లున్నారు, డ్యూటీ మినహాయింపు తీసుకుని డిపో మొహం చూడనివాళ్లున్నారు. అలాంటివాళ్లను దించాల్సింది కార్మికుల ఓటు. ఆ ఓటే లేకుండా చేసి, నాయకులు చెడ్డవాళ్లు అంటే ఎవరు ఒప్పుకోవాలి?

ప్రభుత్వంలో విలీనం అసాధ్యమని అప్పుడు అన్నారు. ఆ మాటన్న కొన్ని వారాలకే, 2020 జనవరి 1న, పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. తెలంగాణలో 2023 ఆగస్టులో, ఎన్నికల ముందు, అదే ప్రభుత్వం అసెంబ్లీలో 43,373 మంది విలీనానికి బిల్లు పాస్ చేయించింది. చట్టమూ వచ్చింది, అమలు రాలేదు. ప్రభుత్వం మారింది. 2025 మే 7 నుంచి మళ్లీ సమ్మె అని కార్మికులు నోటీసు ఇచ్చినప్పుడు వాళ్ల కాగితంలో విలీనం మాట ఉంది. మంత్రి మాట్లాడాక సమ్మె వాయిదా పడింది. మాట్లాడితే సమ్మె ఆగుతుందని అప్పుడైనా తేలింది కదా! 48 వేలు 43 వేలయ్యారంటే రిటైరైనవాళ్ల చోటు నిండలేదని అర్థం. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది, మంచి పని. ఆ రద్దీ మొత్తాన్ని మోస్తున్నది మాత్రం ఈ తగ్గిన మనుషులే.

ఇప్పుడు దేశమంతటా ఇదే దారి పడుతోంది. 29 కార్మిక చట్టాలను నాలుగు కోడ్‌లుగా చేసి 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చారు. ఏ పరిశ్రమలోనైనా సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రాజీ చర్చలు నడుస్తుండగా సమ్మె చేయకూడదు. సగం మంది ఒకేసారి సెలవు పెట్టినా అది సమ్మే. 300 మంది లోపు పనివాళ్లున్న ఫ్యాక్టరీ మూయడానికి ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు. కార్మికుడి కాలికి ఇన్ని కట్లు కట్టినప్పుడు, అతను పిలిస్తే వచ్చి కూర్చునే బాధ్యత యాజమాన్యానికి అంతకు రెట్టింపు ఉండాలి. ఆ బాధ్యత గురించి మాట్లాడేవాళ్లు ఎక్కడ?

ప్రభుత్వాన్ని అడుగుతున్నాను. ఆర్టీసీలో గుర్తింపు సంఘం ఎన్నికలు క్రమం తప్పకుండా జరిపించండి. గెలిచినవాళ్లతో ప్రతి నెలా కూర్చోండి. సమ్మె నోటీసు అందిన రోజే చర్చలకు పిలవండి, ఒంటికి నిప్పు పెట్టుకున్నాక కాదు. పాఠకులారా, మిమ్మల్నీ అడుగుతున్నాను. ఈసారి ఎక్కడ సమ్మె జరిగినా, అది అంగన్‌వాడీ టీచర్లది కావచ్చు, మున్సిపల్ పారిశుద్ధ్య కార్మికులది కావచ్చు, వీళ్లెందుకు ఆపారు అని అడిగే ముందు, వీళ్లతో ఎవరు మాట్లాడలేదు అని అడగండి. మీ ఎమ్మెల్యేను అడగండి, గట్టిగా అడగండి. 2019లో మనం ఆ ఒక్క మాట అడిగి ఉంటే కొందరు డ్రైవర్లు, కండక్టర్లు ఈరోజు బతికి ఉండేవాళ్లు.