ఎవరి సీసా వారిదే

మెల్బోర్న్ నగరంలో చాలా హోటళ్ళ అద్దాల మీద "బి.వై.ఓ." అని మూడక్షరాలు రాసి ఉంటాయి. ఈ ఊరు వచ్చిన కొత్తల్లో అవి యజమానిగారి పేరు తాలూకు పొడి అక్షరాలనుకున్నాను. ఒక్క మనిషికి ఇన్ని హోటళ్ళా అని కొంచెం అసూయ కూడా పడ్డాను. తరవాత తెలిసింది, "మీ సీసా మీరే తెచ్చుకోండి" అని దాని అర్థమట! వంట హోటలు వాడిది, వైను మనది. గ్లాసులిచ్చి సీసా తెరిచినందుకు తలకింతనో, సీసాకింతనో "కార్కేజి" అని పుచ్చుకుంటాడు. పూర్వం మన పల్లెల్లో బంతి భోజనానికి ఎవరి చెంబు వారు పట్టుకుపోయేవారు చూడండి, అలాంటిదే ఇదీను. కాకపోతే ఆ చెంబుల్లో మంచినీళ్ళుండేవి.

ఈ దేశస్థులు ఈ విషయంలో మొదట్నుంచీ నిదానస్థులనుకునేరు. 1916 నుంచి 1966 దాకా, అంటే యాభై ఏళ్ళ పాటు, ఈ విక్టోరియా రాష్ట్రంలో పానశాలలన్నీ సాయంత్రం ఆరింటికల్లా మూసెయ్యాలని చట్టం ఉండేది. మగవాళ్ళు వేళకు ఇల్లు చేరతారని పెద్దల ఉద్దేశం. జరిగిందేమిటంటే, అయిదింటికి పని దిగగానే జనం పరుగున పోయి, మూడు గంటల తాగుడు ఒక్క గంటలో ముగించి, తూలుకుంటూ వేళకే ఇల్లు చేరేవారట! మనిషిని చెడగొట్టడంలో సీసాకెంత వాటా ఉందో తొందరకూ అంత వాటా ఉందని దీన్నిబట్టి తెలుస్తోంది.

మాది ఎనిమిది మంది జట్టు. ఒక పళ్ళ డాక్టరు, రిటైరైన ట్రాము డ్రైవరు, స్కూలు టీచర్లయిన ఆలుమగలు, చిన్నప్పుడే ఇటలీనుంచి వలస వచ్చిన ఒక పెద్దాయన, మా ఆఫీసులో లెక్కలు చూసే ఆవిడ, నేను, మా ఆవిడ. రెండు నెలలకోసారి ఏదో ఒక బి.వై.ఓ. హోటల్లో కలుస్తాం. సంగీతం పిచ్చివాళ్ళు కచేరీ అయ్యాక రాగం పేరు మీద పోట్లాడుకుంటారు చూడండి, అలాగ వీళ్ళు ఏ లోయలో పండిన ద్రాక్ష, ఏ సంవత్సరం పంట అని గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని పోట్లాడుకుంటారు.

వంతులవారీగా ఒకరు ఏర్పాట్లు చూడాలి. కిందటి చలికాలంలో (ఇక్కడ చలికాలమంటే జూలై నెల) ఆ వంతు నాకు వచ్చింది. సరిగ్గా అప్పుడే మా అమ్మ నెల్లూరు జిల్లానుంచి వచ్చి, ఆరు నెలలుండి పోదామని మా ఇంట దిగింది.

అమ్మ రాకముందే సీసాలన్నీ గ్యారేజీలోకి చేరవేశాను. నలభై అయిదేళ్ళ వాణ్ణి, ఇద్దరు పిల్లల తండ్రిని, దొంగతనంగా సిగరెట్టు కాల్చే కుర్రాడిలాగా! కాని నాలుగో రోజునే, పెరట్లో కరివేపాకు మొక్క చలికి వాడిపోతోందని, దానిమీద కప్పడానికి గోనెసంచి కోసం అమ్మ గ్యారేజీలోకి వెళ్ళింది.

"ఇయ్యేందిరా, ఇట్ట పడుకోబెట్టినావు?"

"బిరడా ఎండిపోకుండా అమ్మా. ఎండితే గాలి దూరి లోపలిది చెడిపోతుంది."

"లోపల ఉండేది ఏంది?"

నిఘంటువు ప్రకారం దాని పేరు ద్రాక్షసారా. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. మా అమ్మ ముందర "సారా" అన్న మాట ఎత్తకూడదు.

ఎందుకంటే, 1992లో మా జిల్లాలోని దూబగుంటలో రోసమ్మగారూ తోటి ఆడవాళ్ళూ లేచి సారా కొట్టు మూయించారన్న కబురు ఊరూరా పాకినప్పుడు, మా ఊరి కొట్టు ముందు బైఠాయించిన వాళ్ళలో మా అమ్మ ఉంది. అప్పుడావిడ అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి బడి నడిపేది. ఆవిడకది రాజకీయం కాదు. ఆవిడ తమ్ముడు, మా చిన్నమామ, ముప్పయ్యెనిమిదో ఏట సారా మూలంగా పోయాడు. ఎకరం పొలమూ, అత్త మెడలోని పుస్తెలూ అంతకు ముందే పోయాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమల్లోకి వచ్చిన రోజున అమ్మ దేవుడికి టెంకాయ కొట్టి, ఆ టెంకాయ ముక్క నోట పెట్టుకోకుండానే ఏడ్చింది. నాకు బాగా జ్ఞాపకం. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చింది. 1997లో అది సడలిపోయింది. ఇవాళ మన వైపు ఏ ఊరికి పోయినా "వైన్స్" అని బోర్డులు కనిపిస్తాయి, లోపల ఎక్కువగా అమ్ముడయ్యేవి విస్కీ, బ్రాందీ, బీరూ అయినా.

ఆ రాత్రి అమ్మ నన్ను కోప్పడలేదు. మజ్జిగన్నం తిని పడుకుంది. అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

రెండు రోజులయ్యాక తనే అడిగింది. "ఎంతమంది? ఎన్ని సీసాలు?"

"ఎనిమిది మందీ ఎనిమిది సీసాలూ," అన్నాను.

మా ఆవిడ అంది, "అత్తయ్యా, నేనా లెక్క చెబుతాను వినండి." ఇక్కడ పది గ్రాముల ఆల్కహాలును ఒక "డ్రింకు" కింద లెక్కవేస్తారు. వైనులో ఆల్కహాలు పదమూడున్నర శాతముంటే 750 మిల్లీలీటర్ల సీసాలో ఎనిమిది డ్రింకులున్నట్టు. మనిషికొక సీసా అంటే మనిషికి ఎనిమిది. ఆరోగ్యవంతులు ఏ ఒక్క రోజునా నాలుగు మించకూడదనీ, వారం మొత్తానికి పది మించకూడదనీ 2020లో ఇక్కడి ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి చెప్పింది. అసలు ఎంత కొద్దిగా పుచ్చుకున్నా పూర్తిగా క్షేమమని చెప్పడానికి లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అంచేత ఇద్దరికొక సీసా, మొత్తం నాలుగు చాలునని మా ఆవిడ తేల్చేసింది. ఇన్నేళ్ళుగా ఈ లెక్క నాకు తోచలేదంటే, తోచకూడదని నేనే అనుకున్నాను కాబోలు.

ఇక ఏర్పాట్లు. పాఠకుల్లో వైనుతో పని లేనివారే ఎక్కువని నాకు తెలుసు. అయినా నలుగురినీ పిలిచి ఎవరి పదార్థం వారిని తెమ్మనే ఏ విందుకైనా ఇవి పనికొస్తాయి. మొదటిది, ఎవరు ఏం తేవాలో ముందే చెప్పాలి. చెప్పకపోతే పెళ్ళిలో ఏడు గోడగడియారాలు వచ్చినట్టు ఏడు సీసాలూ ఒకే రకం వస్తాయి. ఓసారి మాకు అలాగే వచ్చాయి. అంచేత తేలికదానితో మొదలై బరువుదానితో ముగిసేట్టు పంచాను. మాది నురగ వైను, టీచర్లది తెల్ల రీస్లింగ్, డాక్టరూ లెక్కలావిడా కలిసి ఇక్కడికి దగ్గర్లోని యారా లోయలో చేసిన ఎర్రది, ఇటలీ పెద్దాయనా డ్రైవరూ కలిసి పెద్దాయన దాచుకున్న పాత బరోలో.

రెండోది, ప్రతి సీసాకూ కాగితపు సంచి తొడగాలి. ఊరూ పేరూ ధరా కనిపించకూడదు. 1976లో పారిస్‌లో ఇలాగే పేర్లు దాచి రుచి చూపిస్తే, ఫ్రాన్సు దేశపు నిపుణులే తమ ఘనమైన వైనులను కాదని కాలిఫోర్నియా వాటికి మొదటి స్థానమిచ్చారు. మాకు మాత్రం సంచీ వల్ల ఇంకొక లాభముంది. డాక్టరుగారి సీసా ముందు టీచర్ల సీసా చిన్నబోదు.

మూడోది, కారు తేకూడదు. ఇక్కడ 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 0.05 గ్రాములకు చేరితే బండి నడపడం నేరం. 1976 నుంచి రోడ్డు మీద ఎవరినైనా సరే ఆపి ఊపిరి పరీక్షించే అధికారం పోలీసులకుంది. అందరూ ట్రాములోనే రావాలని చెప్పాను.

ఇంత పకడ్బందీగా ఏర్పాటు చేశాక, ముందురోజు సాయంత్రం డ్రైవరు టెలిఫోను చేశాడు. కాలేయం బాగాలేదట. డాక్టరు ఒక్క చుక్క కూడా వద్దన్నాడట. "సీసా లేకుండా నేనెందుకు? మీ సరదా పాడు చెయ్యడం! ఇకమీదట నన్ను లెక్కలోంచి తీసెయ్," అన్నాడు. భార్య పోయి ఆయన ఒంటరిగా ఉంటున్నాడు. "సరే, ఆరోగ్యం జాగ్రత్త," అని చెప్పి పెట్టేశాను. పెట్టేసి, ఇక ఏడుగురికి పంచాలి గదా అని లెక్క వేసుకుంటున్నాను కూడా.

చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అమ్మ, "ఎవుర్రా?" అంది. చెప్పాను.

"అయితే మీరు పిలిచేది మనిషినా, సీసానా?"

నేను మాట్లాడలేదు. అమ్మ చేతిలో పని ఆపకుండానే చెప్పుకొచ్చింది. "మీ మామ రెండుసార్లు మానేసినాడురా. నీకు తెలీదు, చిన్నోడివి. మానేసినాక పక్కన కూసునేవోడే లేకపోయె. కొట్టుకాడ తప్పితే వాడికి నేస్తుల్లేరు. ఒక్కడే అరుగు మీద కూసోని కూసోని మళ్ళా ఆడికే పోయినాడు. మేం కొట్టు మూయించినాం గాని, అప్పటికే..." ఆ మాట అక్కడితో ఆపేసింది.

నేను మళ్ళీ టెలిఫోను తీశాను. "మీ వంతు సీసా మీరు తేవలసిందే. అందులో ఏం పోసుకొస్తారో మీ ఇష్టం. మా అమ్మ కూడా వస్తోంది. ఆవిడా తాగదు. మీ పక్కన కుర్చీ వేస్తాను," అన్నాను. అమ్మ వస్తానని అప్పటిదాకా అనలేదు. కాదనీ అనలేదు.

రిచ్‌మండ్‌లో విక్టోరియా వీధినిండా వియత్నాం వాళ్ళ హోటళ్ళే. అందులో ఒకదానిలో తొమ్మిదిమందిమి కూర్చున్నాం. సంచీలు తొడిగిన సీసాలు నాలుగు కాదు, అయిదు. వియత్నాం వంటలో మిరపకాయ ఉంటుంది. ఆల్కహాలు ఎక్కువైతే కారం మరింత మండిస్తుంది. అంచేత కాస్త తీపీ పులుపూ ఉన్న తేలికపాటి రీస్లింగే ఆ పూట అందరికీ నచ్చింది. సంచీ తీస్తే అది టీచర్లది. ఆ పూటకు అన్నిటికంటే చవక సీసా అదే.

బల్లమీద ఖాళీ గిన్నె ఎందుకని అమ్మ అడిగింది. రుచి చూసి ఉమ్మెయ్యడానికని చెప్పాను. "దుడ్లు పోసి కొన్నది ఉమ్మేస్తారా! మంచిదే, ఇంకాస్త పెద్ద గిన్నె తెప్పించు," అంది.

బరోలోకి దురదృష్టం పట్టింది. గ్లాసులో పోయగానే తడిసిన అట్టపెట్టె వాసన. బిరడాలో పుట్టే ఒక రసాయనం వల్ల ఒక్కోసారి ఇలా జరుగుతుంది. తాగితే అపాయం లేదు కాని వైను రుచి మాత్రం చచ్చిపోతుంది. ఈ బాధ పడలేకనే 2000 సంవత్సరపు పంట నుంచి క్లేర్ లోయలోని రీస్లింగ్ తయారీదార్లు కొందరు బిరడాలు మాని మరమూతలకు మారారు. ఏళ్ళ తరబడి దాచుకున్న సీసా అలా అయ్యేసరికి పెద్దాయన ముఖం చూడలేకపోయాం. విషయం చెప్పగానే అమ్మ, "ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టినట్టు," అంది. నేను ఇంగ్లీషులో చెబితే ఆయన నవ్వి, "మా అమ్మా టమాటా సీసాలకు ఇలాగే ఏడ్చేది," అన్నాడు.

ఆఖరున డ్రైవరు సీసా. గ్లాసుల్లో లేత బంగారు రంగు. పళ్ళ డాక్టరు దూరంనుంచే దీపానికి ఎత్తి చూసి, "క్లేర్ లోయ. అయిదేళ్ళకు తక్కువ వయసుండదు," అన్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని గతుక్కుమన్నాడు. అది రాత్రంతా చన్నీళ్ళలో నానబెట్టిన మల్లెపూల టీ! డ్రైవరు నవ్విన నవ్వుకు పక్క బల్లలవాళ్ళు తిరిగి చూశారు. నాలుగు సీసాల్లో కొంత కొంత మిగిలిపోయింది కాని ఆ అయిదో సీసాలో చుక్క మిగల్లేదు. వచ్చేసారి వంతు తనదేనని లేచేముందు డ్రైవరే చెప్పాడు.

తిరిగి ట్రాములో వస్తూ అమ్మ చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తరవాత అడిగింది.

"ఇంటికాడ ఒక్కడివే ఎప్పుడన్నా తెరుస్తావా?"

"లేదమ్మా," అన్నాను. కిందటేడు ఆఫీసులో గొడవలప్పుడు రెండు మూడు రాత్రులు తెరిచిన సంగతి జ్ఞాపకం వచ్చింది. "తెరిచాను. ఇక తెరవను," అన్నాను.

అమ్మ తల ఊపలేదు, తిట్టలేదు. దిగే చోటు దగ్గరపడ్డాక మాత్రం అంది. "పత్రికలో రాస్తావు గదా, మీ అమ్మ ఒప్పుకుందని మటుకు రాయబాక. నేనేం ఒప్పుకోలా. తొమ్మిదిమందిమి కూసున్నాం, తొమ్మిదిమందిమీ తూలకుండా లేచినాం. అది రాయి."

చెప్పినట్టే రాశాను. మీరు కూడా ఆవిడ ఒప్పుకుందని ఎక్కడా అనకండి.