వంద క్యాండిల్ దీపం

ఆరాంఘర్ చౌరస్తాకు సమీపంలోని ఒక బస్తీ నుండి ఇద్దరు అన్నదమ్ములు గత నెలలో మా వద్దకు ఒక పాత కాగితం తీసుకొని వచ్చారు. వారి దాదాజాన్ 1960 ప్రాంతంలో ఉర్దూలో వ్రాయించిన వక్ఫ్ పత్రమది. రెండు మల్గీల అద్దె నుండి మస్జిదు వాకిట ఇషా మొదలుకొని ఫజ్ర్ వరకు ‘వంద క్యాండిల్ దీపం’ వెలిగించాలనీ, మిగిలిన సొమ్మును మస్జిదు ఇతర అవసరాలకు వెచ్చించాలనీ అందులో ఉన్నది.

అన్నగారు ముతవల్లి. పాత బల్బులు బజారులో దొరకడం మానేసిన తరువాత ఆయన నూరు వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్ లైటు బిగించారు. ఎదురింటివారు రాత్రంతా కంటిమీద కునుకు లేదని మొర పెట్టుకున్నారు. తమ్ముడు దీనిని ఇస్రాఫ్ అన్నాడు. “మౌలానా సాబ్, దాదాజాన్ వంద అన్నారు, నేను వందే పెట్టాను. తగ్గిస్తే రేపు అల్లాహ్ సన్నిధిలో ఏమని జవాబు చెప్పుకోను?” అని అన్నగారు అడిగారు.

ఆ భయం గౌరవించదగినది. వాకిఫ్ విధించిన షరతును నెరవేర్చడం తప్పనిసరి అని మన ఫుఖహా బోధించారు. అయితే వాకిఫ్ పలికిన మాటను అతని కాలపు వాడుకను బట్టి గ్రహించాలని కూడా వారే చెప్పారు. కాబట్టి ఆ పెద్దమనిషి నోట ‘క్యాండిల్’ అనే మాటకు అర్థమేమిటో ముందు తేల్చవలసి వచ్చింది.

కొలతలు మార్చడం మన ఇళ్ళకు కొత్త కాదు. జకాత్ వేళ యాభై రెండున్నర తులాల వెండిని 612.36 గ్రాములుగా లెక్కిస్తూనే ఉన్నాము. తులమూ గ్రామూ రెండూ బరువులే కనుక ఆ లెక్క నిలుస్తుంది. క్యాండిల్ దీపం ఇచ్చే వెలుగుకు కొలత. వాట్ దీపం తినే కరెంటుకు కొలత. ఎద్దు మేసిన గడ్డిని తూచి దున్నిన చేను ఇంత అని చెప్పగలమా?

క్యాండిల్ అంటే మొదట నిజంగా కొవ్వొత్తే. తిమింగలం తల నుండి తీసిన మైనంతో చేసి, పౌనులో ఆరవ వంతు తూగి, గంటకు 120 గ్రెయిన్లు, అనగా దాదాపు 7.8 గ్రాములు, కరిగే వత్తి వెలుగును 1860లో ఆంగ్లేయుల చట్టం ప్రమాణంగా నిర్ణయించింది. ఫ్రెంచివారు గంటకు 42 గ్రాముల నూనె త్రాగే కార్సెల్ దీపాన్ని, జర్మన్లు 40 మిల్లీమీటర్ల జ్వాల గల హెఫ్నర్ దీపాన్ని పట్టుకున్నారు. నేటి ప్రమాణమైన క్యాండెలాలో చెప్పాలంటే ఒక కార్సెల్ సుమారు 9.7, ఒక హెఫ్నర్ సుమారు 0.9. మన దాదాజాన్ ఫ్రాన్సులో పుట్టి ‘వంద కార్సెల్’ అని వ్రాయించి ఉంటే ముతవల్లి గారి ఫ్లడ్ లైటు కూడా చాలేది కాదేమో! 1909లో బ్రిటన్, ఫ్రాన్స్, అమెరికాలు ఒక అంతర్జాతీయ క్యాండిల్‌కు ఒప్పుకున్నాయి. 1948లో దాని స్థానంలో క్యాండెలా వచ్చింది. ఈ రెంటికీ తేడా నూటికి రెండు పాళ్ళే గనుక కంటికి ఆనదు. ఆ మాట మనకు ఇప్పటికీ దూరం కాలేదు. ఆరాంఘర్ నుండి శంషాబాద్ వైపు ఎత్తైన కట్టడాల నెత్తిన విమానాల కోసం వెలిగే ఎర్ర దీపాలకు కనీసపు వెలుగును నేటికీ క్యాండెలాలలోనే నిర్ణయిస్తారు. వాటిలో ఒక చిన్న రకానికి అది 32.

ఇక బల్బుల సంగతి. తొలినాటి కార్బన్ తీగ బల్బు 16 క్యాండిళ్ళ వెలుగుకు యాభై అరవై వాట్లు తినేది. తరువాతి టంగ్‌స్టన్ బల్బు వాట్‌కు దాదాపు ఒక క్యాండిల్ ఇచ్చింది. అందువలన రెండు మాటలూ జనం నోట ఒకటైపోయాయి. అరవై వాట్ల బల్బును ‘అరవై క్యాండిల్’ అనడం మనం ఎరిగినదే. (‘జీరో క్యాండిల్’ బల్బు మాత్రం పేరుకే సున్నా, పది పదిహేను వాట్లు తినేది!) అన్ని దిక్కులకూ ఒక క్యాండెలా చొప్పున వెలిగే దీపం 12.57 ల్యూమెన్లు ఇస్తుంది. నూరు వాట్ల పాత బల్బు ఇచ్చేది సుమారు 1,300 ల్యూమెన్లు, అంటే నూటమూడు క్యాండిళ్ళు. కాబట్టి దాదాజాన్ ఏ అర్థంలో అన్నా దాదాపు అదే వెలుగు. నూరు వాట్ల ఎల్‌ఈడీ అయితే తొమ్మిది పదివేల ల్యూమెన్లు, అనగా ఏడెనిమిది వందల క్యాండిళ్ళు.

లెక్క చెప్పినా అన్నగారి ముఖంలో సందేహం పోలేదు. అందుచేత ఇషా తరువాత మదర్సా వరండాలో దీపాలార్పి, తెల్లకాగితం నడుమ ఒక నూనె చుక్క వేసి నిలబెట్టాము. ఒక ప్రక్క అడుగు దూరంలో కొవ్వొత్తి, మరొక ప్రక్క పది అడుగుల దూరంలో బల్బు. దూరం పది రెట్లయితే వెలుగు నూరవ వంతుకు పడిపోతుంది. కాబట్టి ఆ బల్బు నూరు క్యాండిళ్ళదైతే కాగితానికి రెండు వైపులా వెలుగు సమానమై నూనె మచ్చ కనబడకుండా పోవాలి. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీతో పది అడుగులకు కొంచెం అటు ఇటుగా మచ్చ మాసిపోయింది. కొవ్వొత్తి పసుపు, బల్బు తెలుపు కావడం వలన పూర్తిగా మాయం కాలేదు. పిల్లలు దీనిని వింతగా చూశారు. వెయ్యేళ్ళ క్రితం బస్రాలో జన్మించిన ఇబ్నుల్ హైసమ్ చీకటి గదికి చిన్న రంధ్రం చేసి, దాని ఎదుట దీపాలు వరుసగా నిలిపి వెలుగును పరీక్షించారని వారికి చెప్పాము.

ఎల్‌ఈడీ తన వెలుగును ముందుకే ఎక్కువగా చిమ్ముతుంది. కనుక జాగ్రత్త కోసం పెట్టె మీద 1,300 ల్యూమెన్లు అని వ్రాసి ఉన్న బల్బును, దాదాపు 13 వాట్లది, బిగించమన్నాము. షరతు నిండుగా నెరవేరుతుంది, పొరుగువారికి బాధ తప్పుతుంది. కరెంటు ఖర్చులో మిగిలేది ఎవరి సొంతమూ కాదు. పత్రంలో ఉన్నట్లే మస్జిదు అవసరాలకు పోవాలి. ఫ్లడ్ లైటు వెల మాత్రం వక్ఫ్ సొమ్ము నుండి తీసినది గనుక దానిని అమ్మి జమ చేయమన్నాము. అన్నగారు లోటు తానే భరిస్తానన్నారు.

తమ్ముడు లేవబోతూ, రాత్రి పన్నెండు దాటితే అటు ఎవరూ రారు కదా, ఆర్పివేయకూడదా అని అడిగాడు. మస్జిదు దీపాన్ని రాత్రి మూడవ వంతు వరకే ఉంచాలనీ, వాకిఫ్ షరతు గానీ ఆనవాయితీ గానీ ఉంటే అంతకు మించి ఉంచవచ్చుననీ ఫతావా ఆలంగీరీలో ఉంది. ఆయన కాగితంలో ‘ఫజ్ర్ వరకు’ అని స్పష్టంగా వ్రాసి ఉంది. కాబట్టి ఫజ్ర్ వరకు వెలగవలసిందే.