చక్ షుల్డినర్: అరుపు మాటున సాహిత్యం

డెత్ మెటల్ సంగీతం ప్రస్తావనకు వస్తే, గొంతు చించుకుని అరవడమే కదా అని తేల్చేస్తారు మన సాహిత్య మిత్రులు. వారిని పూర్తిగా తప్పుపట్టలేను. మొదటిసారి విన్నవారికి ఒక్క ముక్కా అర్థం కాదు. (మన పౌరాణిక నాటకాల్లో రాగాలాపన వరదకు పద్యంలోని మాట కొట్టుకుపోవడం వేరే సంగతి!) అయినా ఆ అరుపుల మాటున ఏళ్ల తరబడి శ్రద్ధగా పాటలు రాసుకున్న మనిషి ఒకడున్నాడు. అతడే డెత్ బృందానికి గాయకుడూ, గిటారిస్టూ అయిన చక్ షుల్డినర్.

1967లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టి ఫ్లోరిడాలో పెరిగాడు. తొమ్మిదేళ్ల వయసులో అన్న కారు ప్రమాదంలో పోతే, ఆ దుఃఖం నుంచి మరల్చడానికి తల్లిదండ్రులు గిటారు కొనిచ్చారు. 1983లో మాంటాస్ పేరుతో మొదలైన బృందమే మరుసటి ఏడాది డెత్ అయింది. 1987 నాటి తొలి ఆల్బమ్ 'స్క్రీమ్ బ్లడీ గోర్' నిండా భయానక చిత్రాల నెత్తురూ పీనుగులే. ఇరవై ఏళ్ల కుర్రవాడి రాతలు, ఎక్కువ చెప్పనక్కరలేదు.

ఏడాది తిరిగేసరికి 'లెప్రసీ'లో 'పుల్ ద ప్లగ్' రాశాడు. యంత్రాలపై ఊపిరి నిలిచిన రోగి తనను పోనివ్వమని వేడుకునే పాట అది. చావు అక్కడ వినోదంగా లేదు. పైగా నోరు పెగలని రోగి లోపలి ఆక్రందనను శ్రావ్యమైన గొంతుతో పాడి ఉంటే అబద్ధంలా ఉండేది. ఈ సంగీతానికి ఆ బొంగురు గొంతు ఎందుకని అడిగేవారికి నేను ఈ పాటనే చూపిస్తాను.

'స్పిరిచువల్ హీలింగ్' (1990)లో దేవుడి పేరిట రోగాలు నయం చేస్తామనే వంచకులు, కొకైన్‌కు బానిసైన తల్లి కడుపున పుట్టిన బిడ్డ కనిపిస్తారు. 'హ్యూమన్' (1991)తో చూపు మనిషి లోపలికి మళ్లింది. నా దృష్టిలో అదే అతడి శిఖరం. 'సింబాలిక్' (1995)లో వేయి కళ్ల నిఘా నడుమ ఏకాంతం కరువవడం గురించి ఒక పాట ఉంది. జేబు జేబునా కెమెరా ఉన్న ఈ రోజుల్లో వింటే ఒళ్లు జలదరిస్తుంది. లోపాలు లేవా అంటే ఉన్నాయి. బరువైన మాటలు పేర్చుకుంటూ పోతాడు. కొన్నిచోట్ల కవిని పక్కకు నెట్టి ఉపదేశకుడు ముందుకొస్తాడు.

తొలి ఆల్బమ్‌లలోనే అసలైన డెత్ ఉందనే వాదం నేటికీ వింటుంటాను. నేను ఒప్పుకోను. డెత్ మెటల్ పితామహుడన్న బిరుదును అతడే వద్దన్నాడు. కంట్రోల్ డినైడ్ అనే కొత్త బృందం పెట్టి, 1999 నాటి ఆల్బమ్‌లో పాడే పనిని టిమ్ ఏమార్ అనే స్వచ్ఛమైన గొంతుకు అప్పగించాడు. తాను పేరు తెచ్చుకున్న గొంతునే పక్కన పెట్టడానికి ఎంత ధైర్యం కావాలి!

అదే ఏడాది మే నెలలో, ముప్పై రెండో పుట్టినరోజున, మెదడు కాండంలో కణితి ఉందని తేలింది. వైద్యం ఖర్చుకు అభిమానులూ తోటి సంగీతకారులూ చందాలు పోగుచేశారు. 'పుల్ ద ప్లగ్' రాసినవాడు బ్రతకడానికి రెండున్నరేళ్లు పోరాడాడు. ఇందులో నాకు వైరుధ్యమేమీ కనబడదు. ఆ పాటలోని రోగి అడిగిందీ తన శరీరంపై తన నిర్ణయం చెల్లాలనే. 2001 డిసెంబరు 13న, కంట్రోల్ డినైడ్ రెండో ఆల్బమ్ పూర్తికాకుండానే వెళ్లిపోయాడు.